చేపలకు వేసిన పావ్

మా అమ్మాయి ఈత కళ్లద్దాల రబ్బరు వాసనకు నాకు మాల్వణ్ సముద్రం గుర్తొస్తుంది. చిన్నప్పుడు కామాటిపుర చాల్‌లోని మా ఒంటిగది ఇంటి నుంచి మేనత్త వాళ్లతో సెలవులకు అక్కడికి వెళ్లాం. అలలు రాని రాళ్ల మడుగులో, ముఖానికి అద్దం, నోట్లో గొట్టం పెట్టుకుని చేపలను చూడటం అక్కడి సరదా.

"మీద నీళ్లు వడ్తెనే ఏడుస్తవ్. నిన్ను చేపలు ముక్కలు ముక్కలు తింటయ్ చూడు!" అన్నాడు నాతో అత్త కొడుకు రవి బావ. అందరూ నవ్వారు.

అతను గొట్టం సర్దుకుంటుంటే, చేపలకు వేయమని అత్త ఇచ్చిన పావ్ రొట్టెను నలిపి అతని నిక్కరు వెనక జేబులో కుక్కాను.

నీళ్లలో చేపల గుంపు బావను చుట్టేసింది. నా అద్దంలోంచి చూస్తే ఒక్కొక్కటీ రాక్షసిలా కనిపించింది. నిజంగానే తినేస్తాయనుకున్నాను. అయినా కేక వేయలేదు.

"అమ్మా, తింటున్నయే!" అని అరుస్తూ బావ ఒడ్డుకు పరుగెత్తాడు.

నీళ్లలో ఆ అద్దం అన్నిటినీ పెద్దవి చేసి చూపిస్తుందని తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం బావ కాళ్లు రెండూ ఉన్నందుకు నిరాశపడ్డాను. ఆ నిరాశ ఇప్పటికీ పూర్తిగా పోలేదు.