మందకు వైర్‌లెస్ కాపలా

ఆ మధ్యాహ్నం పాలమూరు గడియారం చౌరస్తా వెనక సందులోని రేడియో దుకాణంలో ముగ్గురం ఉన్నాం: దుకాణం సాబు, నాయిన, నేను. బల్ల మీద విప్పిన ట్రాన్సిస్టర్లు రెండు, సోల్డరింగ్ ఐరన్, సీసం తీగ చుట్ట, సగం తాగిన చాయ్ గ్లాసు, దవాఖానలో ఇచ్చిన మందుల పొట్లం ఉన్నాయి. పొట్లం మాది. చేతిలో పట్టుకుని తిరగడం ఇష్టం లేక నాయిన దాన్ని అక్కడ పెట్టాడు.

డాక్టరు నాయినకు చెప్పినవాటిలో ముఖ్యమైన మాట ఒక్కటే. ఈ చలికాలం ఆరుబయట మంచులో పడుకోవద్దు, పడుకుంటే ఛాతీ ఇక బాగుపడదు. మందుల సంగతి ఆ తర్వాతనే.

మాది మక్తల్ దగ్గర ఊరు, గొర్రెలు కాసే ఇల్లు. కోతలయ్యాక మా మంద రాత్రిళ్లు రైతుల చేలల్లో నిలుస్తుంది. చేనులో పడే పెంట ఎరువుకు బదులు రైతు జొన్నలు ఇస్తాడు. ఒక చేనులో రెండు మూడు రాత్రులు ఉండి ఇంకో చేనుకు మారుతుంది. మంద చుట్టూ వల కట్టి, పక్కనే గొంగడి కప్పుకొని నాయిన పడుకుంటాడు. తోడేళ్లు తగ్గాయి గానీ దొంగలు పెరిగారు. ముందటి ఏడు పక్క ఊరి మందలోంచి రెండు పొట్టేళ్లను జీపులో వేసుకుపోయారు. కాబట్టి మంద దగ్గర మనిషి ఉండక తప్పదు. అన్న బొంబాయిలో మట్టి పనికి పోయాడు. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా ముగించి ఉద్యోగం కోసం చూస్తున్నాను. మంద దగ్గర నేను పడుకుంటానని దవాఖాన మెట్ల మీదనే చెప్పాను.

"గిన్నేండ్లు చదివింది గొర్ల కాడ పండెటందుకా?" అన్నాడు నాయిన. ఆ మాట అక్కడితో అయిపోయింది.

అందుకే దుకాణానికి వచ్చాం. నాకు కావలసినవి స్పష్టంగా ఉన్నాయి. చేనులో కరెంటు ఉండదు కాబట్టి బ్యాటరీ మీద నడవాలి. మంద చోటు మారుతుంది కాబట్టి ఇంటి దాకా తీగ లాగకూడదు. మంచుకు, దుమ్ముకు తట్టుకోవాలి. మంద దగ్గరికి కొత్త మనిషి వస్తే ఇంట్లో ఉన్నవాళ్లకు తెలియాలి.

సాబు మొదట చెప్పింది అన్నిటికన్నా చవక పని. "వలకు సన్న తీగ చుట్టు తమ్మీ. తెగితే గంట మోగుతది."

"గొర్రె ఈపు గోక్కున్నా తెగుతది సాబ్," అన్నాడు నాయిన. "తెల్లారెదాంక గంట మోగుతనే ఉంటది."

రెండోది కాంతి కిరణం. ఒక కొసన బల్బు, ఇంకో కొసన దాన్ని చూసే సెన్సరు. మధ్యలో ఎవరైనా అడ్డం వస్తే అలారం మోగుతుంది. గదిలో బాగుంటుంది. దుక్కి చేనులో చోటు మారిన ప్రతిసారీ ఆ రెండిటినీ ఎదురెదురుగా నిలబెట్టడం నా వల్ల కాదు. మూడోది ఒంటి వేడిని పసిగట్టేది. హైదరాబాదు నుంచి తెప్పిస్తానని, మనిషి దూరంగా ఉండగానే పడుతుందని సాబు గొప్పగా చెప్పాడు. మరి గొర్రెల వేడి ఏం చేయాలని అడిగాను. సాబు నాయిన వైపు చూశాడు.

"మా గొర్లకు జెరం గిట్ల రాదు సాబ్," అన్నాడు నాయిన. "ఒళ్లు సల్లగనే ఉంటయి."

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే నాయినకు దగ్గు వచ్చింది, మొహం సందు వైపు తిప్పుకున్నాడు. నాకు కోపం వచ్చింది గానీ ఎవరి మీదో నాకే తెలియలేదు.

చివరికి నేను ఎంచుకున్నది వైర్‌లెస్ మైకు. అగ్గిపెట్టెలో పట్టేంత బోర్డు, తొమ్మిది ఓల్టుల బ్యాటరీ. మంద దగ్గర చప్పుడును గాలిలోకి పంపుతుంది, ఇంట్లో రేడియో ఎఫ్ఎం బ్యాండులో దాన్ని పడుతుంది. మా వైపు ఆ బ్యాండులో ఏ స్టేషనూ రాదు, ఖాళీగా ఉంటుంది. జీపు చప్పుడు, కుక్క అరుపు, గొర్రెల అలజడి వినిపిస్తే పరిగెత్తి పోవచ్చు.

అప్పుడు మంద మా ఇంటి వెనక, దారి అవతలి చేనులో ఉంది. మైకును సబ్బు పెట్టెలో బిగించి, గుంజకు కట్టి, పైకి తీగ నిలబెట్టాను. పొద్దు గూకే వేళ అమ్మ, నేను వాకిట్లో రేడియో పెట్టుకుని కూర్చున్నాం. నాయినను మంద దగ్గరే ఉండమన్నాను. ముల్లు సన్నగా తిప్పుతుంటే ముందు గరగర, తర్వాత గొర్రెలు నెమరేసే చప్పుడు, ఒక గంట, పిల్ల అరుపు, అన్నీ పక్కనే ఉన్నట్టు వినిపించాయి. అమ్మ ఏ గొర్రె అరుస్తున్నదో కూడా చెప్పింది. నా చదువుకు అది మొదటి ఫలితం. ఎగిరి గంతు వేయాలనిపించింది.

అప్పుడు దగ్గు మొదలైంది. ఒక తెర ఆగి ఇంకో తెర, దాని వెనక ఇంకొకటి. మధ్యలో ఊపిరి అందక ఈల లాంటి చప్పుడు. గొర్రెల చప్పుడంతా దాని కింద మునిగిపోయింది. ఇంట్లో నాయిన ఎన్నడూ అలా దగ్గలేదు. దగ్గు వస్తే లేచి బయటికి పోయేవాడు.

అమ్మ రేడియో గొంతు తగ్గించలేదు. చివరి దాకా విని లేచింది. "రేపటి సంది ఆ మనిషి ఇంట్ల పండాలె. ఆడ నీ డబ్బ పంటదో, నువ్వు పంటవో నాకు తెల్వదు."

మర్నాటి నుంచి నాయిన ఇంట్లో, మంద దగ్గర డబ్బా ఒక్కటే. ఇక నా కష్టాలు మొదలయ్యాయి. చలి పెరిగిన కొద్దీ మైకు పంపే చోటు రేడియోలో జరిగిపోతుంది. ముల్లు పెట్టిన చోట వట్టి గరగరే మిగులుతుంది. కాయిల్ మీద కొవ్వొత్తి మైనం కరిగించి పోశాను. కొంత నిలిచింది. ఇంతలో బ్యాటరీ దిగిపోయింది. కొత్తది వేశాను. అంతలో మంద గుట్ట అవతలి చేనుకు మారింది. గుట్ట అడ్డం రావడంతో చప్పుడు మొత్తం ఆగిపోయింది. తీగ పొడవు పెంచాను, అమ్మను రేడియోతో మిద్దె ఎక్కించాను, దిక్కులు మార్చాను. గుట్టను మార్చలేను. అన్నీ పుస్తకంలో ఉన్నట్టే చేశాను. ఏదీ పుస్తకంలో ఉన్నట్టు జరగలేదు. ఇంకా బలమైన మైకు చేయడానికి సామాను తేవాలని పాలమూరుకు బయలుదేరుతుండగా గుట్ట అవతలి చేను రైతు మా వాకిట్లోకి వచ్చాడు.

"మనిషి లేని మంద నాకొద్దు," అన్నాడు నాయినతో.

దొంగలు వస్తే ఇంటికే తెలుస్తుంది పటేలా, అని నేను మైకు సంగతంతా వివరించాను. ఆయన చివరి దాకా విన్నాడు.

"దొంగల ఫికర్ నీది. ఎరువు ఫికర్ నాది. మీ నాయిన రాత్రి రెండు మూడు మాట్ల గొర్లను లేపి జరుపుతడు. అందుకే చేనంత సమంగ పడుతది. నీ డబ్బ లేపుతదా?"

ఇది నాకు తెలియని సంగతి కాదు. చిన్నప్పుడు నాయిన పక్కన పడుకున్నప్పుడు ఆ అదిలింపుకే మేలుకునేవాణ్ణి. అయినా డబ్బా ఎంచుకునేటప్పుడు కాపలా ఒక్కటే లెక్కలోకి తీసుకున్నాను. ఓడిపోవడం ఇష్టం లేక, గడియారానికి సైరన్ కలిపితే అదే సమయానికి మోగి లేపుతుందని అన్నాను.

"లేస్తయి బిడ్డా," అన్నాడు నాయిన. "లేసి కిష్ణ దాటి రాయచూరు వోతయి."

రైతు నవ్వకుండా పోయాడు. ఆ సాయంత్రం నేనే గొంగడి భుజాన వేసుకున్నాను. ఈసారి నాయిన చదువు మాట ఎత్తలేదు, అమ్మ ఎత్తనివ్వలేదు. ఆయన మంచాన్ని లోపలి అర్రలో వేసి తలుపు దగ్గర తానే పడుకుంది.

గొర్రెలను లేపడానికి నేను చేయనిది లేదు. అదిలించాను, కట్టెతో నేల కొట్టాను, ఒక్కొక్క దాన్నీ నెట్టాను. లేచి నా వైపు చూసి, ఒక చుట్టు తిరిగి, మళ్లీ అదే మూలకు పోయి పడుకున్నాయి. తెల్లవారాక రైతు వచ్చి చూశాడు. ఒక మూల నల్లగా ఉంది, మిగతా చేను పొడిగా ఉంది. నేరుగా మా ఇంటికి పోయి నాయినను పంపమన్నాడు, లేకపోతే ఇంకో మందను పిలుచుకుంటానన్నాడు. ఆ జొన్నలు పోతే మాకు ఎండాకాలం దాకా తిండి లేదు. అమ్మకు కూడా సరేననక తప్పలేదు.

ఆ సాయంత్రం నాయిన మంద దగ్గరికి వచ్చాడు. గొర్రెలను లేపి ఇంటికి వస్తానని అమ్మకు చెప్పాడట. రాత్రి రెండు మూడు సార్లు గుట్ట చుట్టూ నడిచి వచ్చి పోవడం ఆరుబయట పడుకోవడం కన్నా అన్యాయం. ఆ మాట నేనే చెప్పి ఆపాను. నువ్వన్నా ఇంటికి పో, చలి ఒక్కరికి చాలు, అన్నాడు నాయిన. నేను పోలేదు. ఆయన పైనుంచి గొంగడి జారితే కప్పడానికి ఎవరైనా ఉండాలని అమ్మ నాకు గట్టిగా చెప్పి పంపింది. సబ్బు పెట్టెను గుంజ నుంచి విప్పి సంచిలో వేశాను.

మంద దగ్గర రాత్రి పడుకునే మనుషుల సంఖ్యను ఒకటి నుంచి సున్నాకు తేవాలని పాలమూరు పోయాను. ఆ చలికాలం అయిపోయేదాకా ఆ సంఖ్య రెండు.