ఖచ్చితమ్మ పంపిన రిపోర్టు

ల్యాబులో రిపోర్టులు పంపే ఆవిడకు తోటివాళ్ళు పెట్టిన పేరు ఖచ్చితమ్మ. పద్దెనిమిదేళ్ళలో ఒకరి రిపోర్టు ఇంకొకరికి వెళ్ళింది లేదు. వచ్చిన మెయిల్ తెరవకుండా ఆవిడ కుర్చీలోంచి లేచిందీ లేదు. ఆ అలవాటే కొంప ముంచింది.

ఒక సోమవారం పొద్దున ఒక దర్జీ రిపోర్టు తయారైంది. మెడ మీది గడ్డకు పరీక్ష. ఆయన ఉండబట్టలేక అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాడు. ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి వెళ్ళాలని రిపోర్టులో ఉంది. వెంటనే మెయిల్‌లో పంపేసింది. మధ్యాహ్నం ఫోన్ చేసి కూడా చెబుదామనుకుంది.

పది నిమిషాలకు, తనకు తెలిసిన డాక్టరు పేరుతో ఒక మెయిల్ వచ్చింది: "మీరడిగిన ఫైలు." తను ఏ ఫైలూ అడగలేదు. అయినా తెరిచింది. ఏమీ కనిపించలేదు. డాక్టరుగారికి మతిమరుపు ముదిరిందని నవ్వుకుంది కూడా.

ఆ ఫైలులో దాక్కుని వచ్చిన వైరస్ పురుగు లోపల పని మొదలుపెట్టింది. ముందు కాపలా ఉన్న యాంటీవైరస్ నోరు నొక్కింది. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేసినా తనూ లేచేలా, సిస్టమ్ ఫైళ్ళ మధ్య వాటిలాంటి పేరే పెట్టుకుని కూర్చుంది. ఆవిడ దాచుకున్న చిరునామాలన్నీ ఏరి, ఒకరి పేరుతో ఇంకొకరికి తనను తానే పంపుకోసాగింది. అసలు ఎక్కడినుంచి వస్తోందో మొదట ఎవరికీ అంతుపట్టలేదు. దీని అన్నను, అంటే పాత వైరస్‌ను, పట్టే మందు ల్యాబు కంప్యూటర్లో ఉంది గానీ, ఈ తమ్ముడు వేషం మార్చి వచ్చాడు.

ల్యాబు పేరుతోనూ వింత మెయిళ్ళు వస్తున్నాయంటూ మధ్యాహ్నానికి ఫోన్లు హోరెత్తాయి. దర్జీకి చేయాల్సిన ఫోన్ ఆ గోలలో కొట్టుకుపోయింది. బాగుచేయడానికి వచ్చిన మెకానిక్ తల పట్టుకున్నాడు. "ముందు అందరికీ చెప్పండి మేడమ్. మీ దగ్గర్నుంచి ఏ మెయిల్ వచ్చినా తెరవకుండా తీసేయమనండి."

ఆవిడ ఖచ్చితమ్మ కదా! నాలుగు వందల మందికీ, ఒక్కరిని వదిలితే ఒట్టు, ఫోన్లకు మెసేజ్ పెట్టింది. పరువు దక్కిందని ఊపిరి పీల్చుకుంది.

మూడు నెలలకు దర్జీ వచ్చాడు. మఫ్లర్ చుట్టుకున్నా గడ్డ దాగడం లేదు.

"పెద్దాసుపత్రికి వెళ్ళలేదాండీ? రిపోర్టు పంపానుగా!"

"సాయంత్రం కొట్టు మూసి చూద్దామనుకునేలోపే తెరవకుండా తీసేయమన్నారు కదమ్మా, తీసేశాను. మళ్ళీ కబురు లేకపోయేసరికి, ఏమీ లేదు కాబోలనుకున్నా."

ఆవిడ వెంటనే రిపోర్టు మళ్ళీ ప్రింటు తీసి, కవరులో పెట్టి ఇచ్చింది.

ఆయన కవరు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది తెరవొచ్చామ్మా?" అని అడిగాడు.