మాలొరీ అంటే అర్థం

నిన్న లైబ్రరీలో అమ్మకానికి పెట్టిన పాత పుస్తకాల మధ్య బ్రిటిష్ పిల్లల పేర్ల పుస్తకం ఒకటి కనిపించింది. తెరవగానే వచ్చిన పాత కాగితం వాసనకి, చిన్నప్పుడు అమెరికాలో, పిస్కాటవే ఊళ్లో మా పక్క అపార్ట్‌మెంట్‌లో ఉండే లిండా ఆంటీ గుర్తొచ్చారు.

ఆవిడది ఇంగ్లండ్. నాకు ఎనిమిదేళ్లప్పుడు ఆవిడకి నెలలు నిండకుండానే పాప పుట్టింది. మాలొరీ అని పేరు పెట్టారు. పాప ఇంకా హాస్పిటల్‌లో గాజు పెట్టెలోనే ఉంది. అమ్మతో కలిసి ఆంటీకి పప్పుచారు ఇవ్వడానికి వెళ్లినప్పుడు, సోఫా మీదున్న ఇలాంటి పుస్తకంలోనే ఆ పేరు వెతికాను. ‘దురదృష్టం గలది’ అని ఉంది.

ఆ పేరు వల్లే పాప చచ్చిపోతుందనుకున్నాను. రెండు రోజులు అన్నం సహించలేదు. మూడో రోజు అమ్మ గట్టిగా అడిగితే ఏడ్చేశాను.

“బేబీకి బ్యాడ్ లక్ అని పేరు పెట్టారమ్మా! ఛేంజ్ చేయమని చెప్పు.”

అమ్మ నన్ను ఒళ్లోకి లాక్కుంది. “మా నాయనమ్మ పేరేంటో తెలుసా? పెంటమ్మ. పెంటంటే చెత్త. ముందు పుట్టినోళ్లు దక్కలేదని, ఈమెకైనా దిష్టి తగలకూడదని అట్లా పెట్టారు. ఎనభై ఏళ్లు బతికింది. అలాంటి పేరున్న పిల్లల జోలికి ఏదీ రాదు.”

నా గుండెల మీద బరువు దిగిపోయింది. ఆ పూట పెరుగన్నం రెండోసారి పెట్టించుకుని తిన్నాను.

నెల తర్వాత మాలొరీ ఇంటికొచ్చింది. ఆంటీ పాపని చేతికివ్వగానే అమ్మ వెక్కివెక్కి ఏడ్చింది. సంతోషించాల్సినప్పుడు ఏడుపెందుకో నాకు అర్థం కాలేదు. నాకు ధైర్యం చెప్పి, ఆ నెలంతా తను ఎంత భయపడిందో ఇప్పుడు తెలుస్తోంది.