పలకని యంత్రం

గురజాలలో జబ్బార్ తాత ఫోన్ చేస్తే ఎత్తి తీరాలి. ఎత్తకపోతే లుంగీ ఎగ్గట్టుకుని ఇంటికే వచ్చేస్తాడు, స్నానంలో ఉన్నవాళ్ల తలుపు కూడా బాదుతాడు. ఆయన ఉద్యోగం చేసిన రోజుల్లో బ్యాంకులో మెయిన్‌ఫ్రేములనే పెద్ద కంప్యూటర్లు రెండింటికీ, ఖాతాల లెక్కలు రాసిపెట్టే డిస్కు ఒకటే. ఒకటి రాస్తుంటే రెండోది రాయకుండా డిస్కుకి తాళం పడేది, రెండోది ఆగేది. ఒకసారి రాస్తున్న యంత్రం ఉలకలేదు, పలకలేదు. చచ్చిందనుకుని, దాని పవర్ తీయకుండానే తాత తాళం విడిపించాడు. రెండోది రాయడం మొదలెట్టాక మొదటిదీ లేచింది. ఒకదాని రాత మీద ఒకటి రాసి, జనం ఖాతాలన్నీ కలగాపులగం చేశాయి. అది లేచిన క్షణం ఇప్పటికీ తాత వీపు మీద పాకుతూనే ఉంటుంది; అందుకే ఎవరు పలక్కపోయినా స్వయంగా వెళ్లి చూడందే ఊరుకోడు.

మొన్న పక్కింటి బసవమ్మ మంచం మీద కదలడం లేదని కోడలు స్వాతి ఏడుస్తూ వచ్చింది. "అత్తమ్మ పోయింది బాబాయ్!"

"నోర్ముయ్యవే! పలక్కపోతే పోయినట్టేనా ఏంది?" అంటూ తాత పరుగున వెళ్లి, బసవమ్మ ముక్కు దగ్గర వేలు పెట్టాడు. డాక్టరు వచ్చి, చూసి, ప్రాణం లేదన్నాడు. తాత వేలు తీయలేదు.

స్వాతి అత్త ముఖం మీద గుడ్డ కప్పబోయింది.

"అప్పుడే వద్దమ్మా," అన్నాడు తాత. "చానా నిదానంగా లేచేవాళ్లు కూడా ఉంటారు."

స్వాతి గుడ్డ మడిచి ఒళ్లో పెట్టుకుంది.