సత్తన్న కట్టిన ఎర్రదారం

నిన్న పొద్దున కొత్తపేట రైతుబజార్‌లో టమాటాలు ఏరుకుంటుంటే శ్రీను కాల్ చేశాడు.

"అన్న పోయిండు" అన్నాడు.

ఎక్కడికి అని అడిగాను.

నిజంగా అలాగే అడిగాను.

సత్తన్నను చూడనివాళ్ళ కోసం చెప్తున్నా. శ్రీనుకు సొంత అన్న, మాకందరికీ పెద్దన్న. పోచంపల్లి వైపు నేత కుటుంబం, దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపు. షాపు పైన గదిలో మాత్రం అన్నీ రెక్కలే. బొమ్మ గ్లైడర్లు ఎగరేసే మా గ్రూపులో ఎవరిది విరిగినా చేరేది ఆ గదికే.

మా గ్లైడర్లకు మోటార్ ఉండదు. గుట్ట మీద నిలబడి విసురుతాం. గుట్టకు తగిలి పైకి లేచే గాలి మీదే తేలతాయి, మన చేతిలో రిమోట్ ఉంటుంది. రెక్క లోపల ఈ కొస నుంచి ఆ కొస దాకా వెన్నెముకలా కార్బన్ పట్టీ ఒకటి ఉంటుంది. దాన్ని స్పార్ అంటాం.

అది పోయిందంటే రెక్క గాల్లోనే ముడుచుకుంటుంది. కింద ఎవరున్నారో చూసుకోదు.

సత్తన్న విరిగిన స్పార్‌ను ఏటవాలుగా కోసి, కొత్త ముక్క అతికించి, ఎపాక్సీ జిగురు పూసి, దాని మీద మగ్గం పట్టుదారం చుట్టేవాడు. అతుకు దగ్గర ఒత్తుగా మొదలుపెట్టి, పోనుపోను ఎడం చేస్తూ చాలా దూరం చుట్టేవాడు. అంత దూరం ఎందుకన్నా, అతుకు దాకా చాలదా అని ఒకసారి అడిగాను.

"గట్టిగ చేసిన కాడ ఇరగదు తమ్మీ. గట్టితనం యాడ ఆగిపోతదో, గాడ ఇరుగుతది."

ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహంలో నవ్వు లేదు.

రిపేర్‌కు వచ్చిన ప్రతి రెక్కకూ ముందు ఎర్రదారం కట్టేవాడు. పని అయ్యాక రెక్కను చెవికి ఆనించుకుని మెల్లగా వంచేవాడు. లోపల టిక్ అని చిన్న చప్పుడొచ్చినా దారం అలాగే ఉండేది. అది ఉన్నన్నాళ్ళూ రెక్క ఎగరకూడదు. తెంపేది ఆయన ఒక్కడే.

ఒకసారి అబ్దుల్లాపూర్‌మెట్ అవతల మా గుట్ట మీద గాలి బ్రహ్మాండంగా ఉంది. గ్రూపులో ఒకతనికి ఓపిక చాల్లేదు. చిన్న సౌండేగా అని బైక్ తాళంతో దారం తెంపేసి విసిరేశాడు.

మొదటి మలుపులోనే రెక్క ముడుచుకుంది. కింద మేకలు కాస్తున్న ముసలాయన పక్కనే, అడుగు దూరంలో, గ్లైడర్ ముక్కు గునపంలా నేలలో దిగబడింది.

ముసలాయన లేచి, మా వైపు ఒకసారి చూసి, మళ్ళీ కూర్చున్నాడు. సత్తన్న గుట్ట దిగి వెళ్ళి సాయంత్రం దాకా ఆయన పక్కనే ఉన్నాడు. ఆ తర్వాత ఎర్రదారం జోలికి ఎవ్వరం పోలేదు.

పోయిన ఆదివారం సత్తన్న సొంత గ్లైడరే రాయికి తగిలి స్పార్ పగిలింది. ఆ రోజు గుట్ట ఎక్కుతూ మధ్యలో కూర్చుండిపోయాడు, ఎడమ భుజం రుద్దుకుంటూ. గ్యాస్ అన్నాడు. మేమూ గ్యాసే అనుకున్నాం.

వారమంతా ఛాతీ పట్టేస్తోందని అంటూనే ఉన్నాడట. వదిన పోరుతూనే ఉందట.

"గా రెక్క అయినంకనే దవాఖానకు పోదామన్నడు." నిన్నంతా వదిన వచ్చినవాళ్ళందరికీ ఈ ఒక్క మాటే చెప్పింది.

సాయంత్రం శ్మశానం నుంచి వచ్చాక గ్రూపంతా అనుకున్నాం. అన్న చేసిన ఆఖరి రెక్కను ఈ ఆదివారం మన గుట్ట మీద ఎగరేద్దామని. శ్రీను తనే విసురుతానన్నాడు. వదిన, పిల్లలు, షాపువాళ్ళు అందరూ వచ్చి కింద నిలబడి చూస్తారు. నేనూ సరేనన్నాను.

ఈ రోజు పొద్దున శ్రీనుతో కలిసి పై గదికి వెళ్ళాను.

రెక్క బల్ల మీద ఉంది. ఎపాక్సీ ఎండింది. పైన కప్పే పల్చటి ఫిల్మ్ ఇంకా వేయలేదు. పట్టుదారం చుట్లు ఎంత నీటుగా ఉన్నాయో చెప్పలేను. కానీ ఎప్పుడూ చుట్టేంత దూరం చుట్టలేదు. మధ్యలో ఆగిపోయింది.

కొసన ఎర్రదారం కట్టే ఉంది.

శ్రీను కత్తెర తీశాడు. ఆగమన్నాను. రెక్కను చెవికి ఆనించుకుని, అన్న వంచినట్టే మెల్లగా వంచాను.

అతుకు దగ్గర ఏ చప్పుడూ లేదు. దానికి జానెడు అవతల, పట్టుదారం ఆగిపోయిన చోట...

టిక్.

శ్రీనుకు ఇచ్చాను. చెవికి పెట్టుకుని తనూ మెల్లగా వంచాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నాకేం ఇనవడ్లే అన్నా" అన్నాడు.

కత్తెర జేబులో పెట్టుకుని, రెక్క చంకన పట్టుకుని కిందికి దిగిపోయాడు. అప్పటి నుంచి నా కాల్ ఎత్తట్లేదు.

ఆదివారం గాలి గట్టిగా ఉంటుందని ఫోన్‌లో చూపిస్తోంది. నాకు భయంగా ఉంది. అందుకే గ్రూపులో కాకుండా అందరికీ కనబడేలా ఇక్కడ రాస్తున్నా.

శ్రీనూ, నీకు వినపడింది. నాకు తెలుసు. రెక్కను గుట్ట మీదికి తీసుకురా, గాలికి ఎదురుగా పెడదాం, అందరం దాని చుట్టూ కూర్చుందాం. విసరొద్దు. కింద నిలబడేది వదిన, పిల్లలు.

ఆ దారం తెంపాల్సిన మనిషి లేడు. ఇక అది ఉండాల్సిందే.

సత్తన్నా, వెళ్ళిరా. ఏ చప్పుడూ వినిపించని చోట చెవి ఆనించి నిమ్మళంగా పడుకో.