గీత దగ్గర లేచిన చెయ్యి

మొన్న సాయంత్రం రైతుబజారు నుంచి వస్తూ మా కాలేజీ ఆటస్థలం గోడ పక్కన కాసేపు ఆగాను. కాళ్లు నొప్పిపుట్టి ఆగాననుకున్నాను గాని, నిజానికి నన్ను ఆపింది అక్కడి నిశ్శబ్దం. లోపల ఆడపిల్లలు ఫుట్‌బాల్ ఆడుతున్నారు. బంతి తగిలిన చప్పుడు, ఒకరినొకరు పిలుచుకోవడం, మైదానం అంచు గీత దగ్గర నిలబడిన కోచ్ మామూలు గొంతుతో చెబుతున్న మాటలు, అన్నీ గోడ ఇవతలికి వినిపిస్తున్నాయి. మా రోజుల్లో అక్కడ పక్కమనిషి మాట వినిపించేది కాదు. హార్బరుకి ముడి ఇనుము మోసుకుపోయే గూడ్సు బళ్లు ఆ గోడని ఆనుకునే వెళ్లేవి. మన వయసు విశాఖ వాళ్లకి గుర్తుండే ఉంటుంది, ఆరేసిన బట్టల మీద ఆ ఎర్ర దుమ్ము, బండి దాటేసరికి చెప్పదలుచుకున్న మాట మరిచిపోవడం. ఆ గూడ్సు బళ్ల సైడింగ్ లైను మూసేసి చాలా ఏళ్లయింది. మా అప్ప పోయి నెల దాటింది. రెండూ అక్కడ ఒకేసారి గుర్తుకొచ్చాయి.

అప్ప అంటే మా వైపు అక్క. ఆవిడ ఆ మహిళా కళాశాలలో ఫుట్‌బాల్ కోచ్, నేను లైబ్రేరియన్. జట్టు ఏ ఊరు వెళ్లినా తోడుగా ఒక ఆడ ఉద్యోగి ఉండాలని నియమం కనుక, పుస్తకాలు తప్ప మరేమీ తెలియని నన్ను మేనేజరుగా వెంట తీసుకుపోయేది. ఆవిడ చేరిన కొత్తలో ఆటంటే త్రోబాల్, టెన్నికాయిట్. ఫుట్‌బాల్ ఆడతామని ఎవరూ రాలేదు. జాలరిపేట నుంచి వచ్చే ఒక పిల్ల తడి ఇసుకలో తమ్ముళ్లతో బంతి తన్నడం చూసి మా అప్ప ఆ పిల్లని గోల్‌కీపర్ని చేసింది. పాతపట్నంలో అత్తరు కొట్టు వాళ్ల అమ్మాయి తలకి గుడ్డ గట్టిగా బిగించుకుని వెనక వరసలో ఆడతానంది. పల్లెల నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్లలు కొందరు పరుగు కోసం చేరారు. రెండేళ్లు ఎక్కడికి వెళ్లినా ఓడిపోయి వచ్చాం. ఆ తరవాత కప్పులు రావడం మొదలయ్యాక, ప్రిన్సిపాల్ గదిలో చోటు లేదని వాటిని నా లైబ్రరీలో నిఘంటువుల పక్కన పెట్టారు. నిఘంటువులకి పట్టినంత దుమ్ము వాటికి పట్టనివ్వలేదు నేను.

ఆ జట్టుకి ఒక ప్రత్యేకమైన పద్ధతి ఉండేది. మా నాన్న పోర్టులో సిగ్నల్ మనిషి. ఓడ డెక్కు అంచున నిలబడి, కింద సరుకునీ పైన క్రేను నడిపేవాణ్నీ ఒకేసారి చూస్తూ, చేతి సైగలతో బరువు ఎత్తించడం, దించడం ఆయన పని. క్రేను మీదున్నవాడికి కింద ఏముందో కనిపించదు, మాట వినిపించదు, ఆ చెయ్యే ఆధారం. చూపుడువేలు పైకెత్తి తిప్పితే ఎత్తమని, అరచెయ్యి కిందికి ఊపితే దించమని, పిడికిలి బిగిస్తే ఉన్నచోటే ఆపమని. గూడ్సు బళ్ల రొదలో అరిచి అరిచి గొంతు పోయాక మా అప్ప ఆ సైగలనే మైదానానికి తెచ్చింది. వేలు తిప్పితే వెనక వరస నలుగురూ ఒక్కసారిగా ముందుకి జరగాలి. అరచెయ్యి ఊపితే వెనక్కి. పిడికిలి బిగిస్తే కదలకూడదు. ఆడుతూ ఆడుతూ మాటిమాటికీ గీత వైపు చూడటం ఆ పిల్లలకి అలవాటైపోయింది. తక్కిన కాలేజీలవాళ్లు నవ్వేవారు, మా చేతిలో ఓడిపోయేదాకా.

నేను చెప్పబోయే ఏడాది అంతర కళాశాలల ఫైనల్ మా మైదానంలోనే జరిగింది. ఆ పోటీలయ్యాక యూనివర్సిటీ జట్టుని ఎంపిక చేస్తారు. దానికి మా అప్పనే కోచ్‌గా పెడతారని దాదాపు ఖాయమైంది. మా కెప్టెన్ పిల్లకి అందులో చోటు దొరుకుతుందన్నది కూడా అందరికీ తెలుసు. ఆ పిల్ల వెనక వరసలో నడుమ ఆడేది. అయితే యూనివర్సిటీ శిబిరానికి పంపనని, ఆటే మాన్పించేస్తానని వాళ్ల నాన్న పట్టుబట్టాడు. ఆయనా పోర్టులో సిగ్నల్ మనిషే. పని నేర్పింది మా నాన్న. మా అప్పని అప్పా అనే పిలిచేవాడు. ఆ చనువుతోనే ఆవిడ వాళ్లింటికి వెళ్లింది, నేనూ వెళ్లాను. ఆడపిల్ల నిక్కరు వేసుకుని గెంతుతుంటే చూడ్డానికి తను రానన్నాడు. మా అప్ప గుమ్మంలో నిలబడే మాట్లాడింది, కూర్చోమన్నా కూర్చోలేదు.

“ఒక్కాట సూడు తమ్ముడూ. సూసినాక కూడా వద్దంటే, నాను మళ్లీ నీ గుమ్మం తొక్కను.”

లోపల వంటింటి దగ్గర ఆ పిల్ల నిలబడి వింటోంది.

ఫైనల్ రోజు ఆట మొదలయ్యాక ఆయన వచ్చాడు, పోర్టులో తోటి పనివాణ్ని వెంటబెట్టుకుని. మగవాళ్లు మైదానం చుట్టూ కట్టిన తాడుకి అవతల నిలబడాలి. మా అప్ప మాత్రం ఆయన్ని చూడగానే తాడెత్తి ఇవతలికి పిలిచి, తన వెనకే నిలబెట్టింది. బాగా కనిపిస్తుందని. నేను ఆయన పక్కన బెంచీ మీద కూర్చున్నాను. ఆయన చేతులు కట్టుకుని, మైదానం కేసి కాకుండా ఆకాశం కేసి చూస్తున్నాడు.

అవతలి జట్టు పిల్లలు మావాళ్లకంటే ఎత్తు, బలం. సగం ఆట గడిచేసరికి మా గోల్‌కీపర్ మోచేతులు చీరుకుపోయాయి. ఎవరికీ గోల్ రాలేదు. విరామంలో మా అప్ప పిల్లలకి ఒకటే చెప్పింది, ముందుకి పోకండి, కాచుకోండి, పెనాల్టీల దాకా లాగితే మన కీపర్ చూసుకుంటుందని. అది నిజమే, పెనాల్టీలలో బంతి ఆ జాలరిపేట పిల్లని దాటిపోవడం కష్టం.

రెండో సగంలో కెప్టెన్ పిల్ల ఒక బంతిని గోల్ ముందు నుంచి తలతో తోసేసింది. ఆ క్షణంలో నా పక్కమనిషి కట్టుకున్న చేతులు విడిపోయాయి. ఆ తరవాత ఆయన ఆకాశం కేసి చూడలేదు. అవతలివాళ్లు వచ్చిన ప్రతిసారీ ఆయన అరచెయ్యి నడుం దగ్గర కిందికి ఊగేది, వాళ్లు వెనుదిరిగితే వేలు కొద్దిగా లేచేది. తనకి తెలిసి చేస్తున్నది కాదు. తాడు అవతల నుంచి తోటివాడు వేళాకోళం మొదలెట్టాడు.

“ఏటి బావా, కూతురాడతంటే నువ్వు క్రేన్ నడిపేత్తన్నావేటి?”

“నోర్ముయ్ బావా, ఆట సూడు.”

నాకు నవ్వొచ్చింది. ఇక శిబిరానికి పంపుతాడనుకున్నాను. మా అప్ప వెనక్కి తిరగలేదు గాని వినే ఉంటుంది, భుజాలు కాస్త దిగాయి.

ఆఖరి నిమిషాల్లో గూడ్సు బండి వచ్చింది. నేల అదురుతోంది, ఎవరి గొంతూ ఎవరికీ చేరదు. పిల్లలంతా గీత వైపు చూస్తున్నారు. మా అప్ప పిడికిలి బిగించి ఛాతీ దగ్గర పట్టుకుంది, కదలొద్దని. అప్పుడు కెప్టెన్ పిల్ల మళ్లీ ఒక బంతిని కాలితో బలంగా తన్నింది, అది సగం మైదానం దాటిపోయింది. మా అప్ప వెనక నిలబడిన ఆ పిల్ల తండ్రి ఒళ్లు మరిచిపోయాడు. కుడిచెయ్యి నిలువునా పైకి లేచింది, వేలు తిరిగింది. ఎత్తు, ఎత్తు.

మా అప్ప పొట్టి మనిషి. పడమటి ఎండ వాళ్లిద్దరి వెనక నుంచి కొడుతోంది. మైదానంలోంచి చూసేవాళ్లకి ఆవిడ తల మీదుగా లేచిన ఆ చెయ్యి ఆవిడదే. వెనక వరసలో ముగ్గురు పిల్లలు ఒక్కసారిగా ముందుకి దూకారు. కెప్టెన్ కదలలేదు. ఆ పద్ధతిలో ఉన్న ప్రమాదమే అది. నలుగురూ కలిసి జరిగితే అవతలి పిల్ల మా వరస వెనక ఆఫ్‌సైడ్‌లో చిక్కుతుంది, గోల్ కొట్టినా చెల్లదు, ఒక్కరు వెనక ఉండిపోతే ఆ పిల్లకి దారి ఇచ్చినట్టే. మా అప్ప అరిచింది. నోరు తెరుచుకోవడం చూశాను, గొంతు నాకే వినిపించలేదు. అవతలివాళ్లు తిరిగి తన్నిన బంతి మావాళ్ల తలల మీదుగా వచ్చింది. అవతలి పిల్ల కెప్టెన్‌కి అందనంత దూరంలో ఒంటరిగా పరుగెత్తి, ముందుకొచ్చిన కీపర్ పక్కనుంచి నెమ్మదిగా దొర్లించింది. బండి ఇంకా పోతూనే ఉంది. ఆ గోల్ చప్పుడు లేకుండా అయింది.

విజిల్ ఊదాక పిల్లలు ఏడుస్తూ కెప్టెన్ మీద పడ్డారు. అత్తరు కొట్టు అమ్మాయి ఆ పిల్ల భుజాలు పట్టుకుని ఊపింది.

“అందరం వచ్చీసినాం గదా, నువ్వేటే, నిలబడిపోనావు?”

కెప్టెన్ వాళ్లని విడిపించుకుని గీత దగ్గరికి నడిచి వచ్చింది. మా అప్ప ఎదుట నిలబడింది. వెనకే తండ్రి ఉన్నాడు, ఎత్తిన చెయ్యిని రెండో చేత్తో పట్టుకుని. ఆ పిల్ల అడిగింది.

“సెయ్యెత్తింది ఎవలు?”

ఆయన పెదవి కదిలింది. నేను చూశాను. మా అప్ప ముందే అనేసింది.

“నానే. నాదే పొరపాటు. మీ కెప్టెన్ నిలబడ్డమే రైటు.”

పిల్లలందరూ విన్నారు, యూనివర్సిటీ నుంచి వచ్చిన పెద్దమనుషులూ విన్నారు. కెప్టెన్ పిల్ల ఆవిడ మొహంలోకి చూసి, వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. ఇంటికి నడుస్తూ నేను కోప్పడితే మా అప్ప నెమ్మదిగా చెప్పింది.

“ఆడు పదిమందిలో నవ్వులపాలైతే ఇంకీ గ్రౌండ్‌కి రాడే. ఆడు రాపోతే కూతురు గుంటని రానిత్తాడేటి?”

తండ్రి ఆ వారంలోనే పిల్లని శిబిరానికి పంపాడు. అనుకున్నది నెరవేరింది. యూనివర్సిటీ జట్టుకి మాత్రం మరో కాలేజీ మాస్టారు కోచ్ అయ్యాడు. ఫైనల్లో అంత తప్పు చేసిన మనిషికి పెద్ద జట్టు ఎలా ఇస్తామని కమిటీలో అన్నారట. మరుసటేడూ అదే మాట, ఆ పై ఏడూ అదే. ఆవిడ మా కాలేజీ దాటి ఎక్కడికీ వెళ్లలేదు. అక్కడే ఉండి కప్పులు తెచ్చింది, నా లైబ్రరీలో నిఘంటువుల్ని కింది అరకి దించాల్సి వచ్చింది. ఆవిడ పిల్లల్లో ఒకామె పరవాడలో బడిపిల్లలకి ఆటలు నేర్పుతోంది, ఒకామె అచ్యుతాపురం ఫ్యాక్టరీలో షిఫ్టు చూస్తుంది, కీపర్ పిల్ల జాలరిపేటలో చేపల వేలం పాడుతుంది, ఆ గొంతు ఇప్పటికీ రోడ్డు దాకా వస్తుంది. అందరూ అప్పుడప్పుడూ ఇంటికి వచ్చేవారు, కెప్టెన్ తప్ప. శిబిరానికి వెళ్లేటప్పుడు చెప్పలేదు. రాష్ట్రానికి ఆడినప్పుడు చెప్పలేదు. మా అప్ప రిటైరయ్యాక ఆమే ఆ కోచ్ ఉద్యోగంలోకి వచ్చింది, తాళాలు తీసుకోవడానికి వచ్చి, మేడమ్ అని నమస్కారం పెట్టి, గుమ్మంలోంచే వెళ్లింది. మా అప్పకి ఇది పెద్ద బాధ. ఫైనల్ పోగొట్టినందుకు కోపం అనుకునేది. నిజం చెప్పెయ్యమని నేను ఎన్నిసార్లు అన్నా ఒప్పుకోలేదు. ఎందుకే, ఇప్పుడు ఆ గుంటకి తండ్రి మీద కోపం తెప్పించి ఏం లాభం అనేది. ఆఖరి రోజుల్లో మంచం మీద కూడా వాకిట్లో అడుగుల చప్పుడైతే తల తిప్పి చూసేది. ఎవరి కోసమో నాకు తెలుసు.

పెద్ద కర్మ రోజున ఆ తండ్రీ కూతుళ్లు వచ్చారు. ఆయన బాగా వంగిపోయాడు, కూతురి చెయ్యి పట్టుకుని నడుస్తున్నాడు. ఫోటో ముందు చాలాసేపు నిలబడి, కూతురి వైపు తిరిగాడు.

“ఆయేళ సెయ్యెత్తింది నానేనమ్మా. మీ మేడమ్ కాదు.”

“తెలుసయ్యా.”

ఆయన అర్థం కానట్టు చూశాడు. ఆమె గొంతు పెంచలేదు.

“మేడమ్ పిడికిలి సూసే నాను కదల్లేదు. ఎత్తిన సెయ్యి ఎవలిదో కూడా సూసినాను.”

“మరెందుకే అడిగినావు?”

“నువ్వు సెప్తావని. నువ్వు సెప్తే నాను మేడమ్ కాళ్ల మీద పడేదాన్ని. మేడమ్ నీకా సందివ్వలేదు.”

ఆయన అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. ఆమె కూడా కూర్చుంది. ఇన్నాళ్లూ నువ్వు రానిది తన మీద కోపంతోనేనని మా అప్ప అనుకుంటూ పోయిందమ్మా అని నేను చెప్పాను. ఆమె తల ఊపింది. తండ్రి చెప్పాక వద్దామనుకున్నానని, ఇవాళా రేపూ అంటూ ఇన్నేళ్లయిందని, అంతకన్నా తనకీ తెలియదని అంది.

మా అప్ప చేసింది మంచిదేనని ఇన్నేళ్లు నమ్మాను. ఒక మనిషిని అవమానం నుంచి కాపాడింది, ఒక పిల్లని మైదానంలో నిలిపింది, అది అబద్ధం కాదు. కాని ఆ పెదవి కదలడం నేను చూశాను. ఆవిడ ఇంకో క్షణం ఆగి ఉంటే ఆయన ఏమనేవాడో, చెప్పి బతికేవాడో, సిగ్గుతో కూతుర్ని ఇంట్లో కూర్చోబెట్టేవాడో, ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. ఆ క్షణం ఆగాల్సిన మనిషి ఫోటో అయిపోయింది.

ఇప్పుడు పోర్టులో క్రేను నడిపేవాడి చెవిలోనే మాట వినిపిస్తుందట, సిగ్నల్ మనుషులు తగ్గిపోయారట. మా మైదానం పక్కన బళ్లు లేవు. మొన్న గోడ మీదుగా చూస్తే, ఆ కెప్టెనే గీత దగ్గర నిలబడి పిల్లల్ని పేర్లు పెట్టి పిలిచి చెబుతోంది, వాళ్లు ఆమె వైపు తిరగకుండానే విని ఆడుతున్నారు. తప్పు సైగకి చోటు లేదు, మంచిదే. ఒక్కసారి, బంతి అవతలి వైపుకి పోయినప్పుడు, ఆమె పిడికిలి దానంతటదే బిగుసుకుని ఛాతీ దగ్గరికి వచ్చింది.

మైదానంలో ఎవరూ చూడలేదు. వాళ్లకి గీత వైపు చూడాల్సిన పని లేదు.