నాన్న పేర్చిన పదహారు పేజీలు

తొమ్మిది నవలలు రాసిన మనిషి ఒక అధ్యాయానికి భయపడుతుందంటే ఎవరైనా నవ్వుతారు. ఆమె మాత్రం ముప్ఫై ఏళ్లుగా భయపడుతూనే ఉంది. తన మొదటి నవలలోని పన్నెండో అధ్యాయం ఊసెత్తితే చాలు, ఎంతమందిలో ఉన్నా మాట మార్చేసేది. ఆ నవలను మళ్లీ అచ్చు వేస్తామని ఒక ప్రచురణకర్త ముందుకొచ్చినప్పుడు కూడా పన్నెండో అధ్యాయం తీసేస్తేనే వెయ్యండి అని తేల్చి చెప్పింది.

వారం తిరక్కుండా ఆ ప్రచురణకర్త నుంచి ఫోనొచ్చింది.

"మేడమ్, మీ దగ్గర ఇంకో కాపీ ఏమైనా ఉందా? మా దగ్గరున్నది స్కాన్ చేస్తే అక్షరాలన్నీ అలుక్కుపోయినట్టు వస్తున్నాయి. బాగా అరిగిపోయిన టైపుతో వేసినట్టున్నారు. మధ్యలో ఒక్క పదహారు పేజీలు మాత్రం అద్దంలా ఉన్నాయి. తమాషా ఏంటంటే, మీరు తీసెయ్యమన్న అధ్యాయం అదే."

ఆమె బీరువా అడుగునుంచి తన కాపీ తీసి కిటికీ దగ్గరికి తెచ్చింది. పుస్తకం వచ్చిన రోజు నుంచి ఆ పేజీలు తెరిచిన పాపాన పోలేదు. ఇప్పుడు తెరిచి చూస్తే నిజమే. నూట డెబ్భై ఆరో పేజీ దాకా గీతలు తెగి, మూలలు అరిగి, ముసలితనం వచ్చిన అక్షరాలు. నూట డెబ్భై ఏడు నుంచి నిన్న పోత పోసినట్టున్న కొత్తవి. నూట తొంభై రెండు దాటగానే మళ్లీ ముసలివే. ఆ పుస్తకం కంపోజ్ చేసింది నాన్న. నాన్న ఏ పనీ ఊరికే చేసేవాడు కాదు.

నాన్నది ఈ భాష కాదు. పందొమ్మిదేళ్ల వయసులో పని వెతుక్కుంటూ వచ్చి ప్రెస్సులో చేరాడు. కంపోజింగ్ అంటే సీసపు అక్షరాలను గళ్ల పెట్టెలోంచి ఒక్కొక్కటే ఏరి, అద్దంలో కనిపించినట్టు వెనకముందులుగా వరసల్లో పేర్చడం. దానికి భాషే రానక్కర్లేదు, ఏ అక్షరం ఏ గడిలో ఉంటుందో చేతికి తెలిస్తే చాలు. నాన్నకు ఆ అక్షరాల పేర్లు కూడా తెలియవు. రెండో వరసలో మూడోది, కింద మూలది, అంతే. రాతప్రతిని ఎదురుగా నిలబెట్టుకుని దానివైపు చూస్తుంటే చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి. "ఈయన చేతులకి చదువొచ్చింది, ఈయనకే రాలేదు" అని ప్రెస్సులో వేళాకోళం చేసేవారు. దాని అర్థం ఎవరో ఒకరు ఆయన భాషలో చెప్తే నాన్న కూడా కలిసి నవ్వేవాడు.

నవ్వులెలా ఉన్నా, పనిలో ఆయనకు వంక పెట్టినవాళ్లు లేరు. ఆ రోజుల్లో పుస్తకం చివర తప్పొప్పుల పట్టిక అని ఒక పేజీ ఉండేది. ఏ పుటలో, ఏ పంక్తిలో ఏం తప్పు పడిందో, అక్కడ అసలు ఏం ఉండాలో అందులో వేసేవారు. నాన్న పేర్చిన పుస్తకాలకు ఆ పేజీ అవసరం పడేది కాదు. రాతప్రతిని ప్రెస్సులో కాపీ అంటారు. "కాపీలో ఏముంటే అదే" అనేది నాన్న మాట. రాసినవాళ్లు పొరబాటు రాసినా సరే, మనం వేలు పెట్టకూడదనేవాడు.

అమ్మ ఇక్కడి మనిషే. అదే ప్రెస్సులో అచ్చయిన కాగితాలు మడిచి, కుట్టి, పుస్తకం చేసేది. నోరు తెరిస్తే పట్టపగ్గాలుండేవి కావు. "ఆ మాటా పలుకూ లేని మనిషిని ఏం చూసి చేసుకున్నావే?" అని అమ్మమ్మ దీర్ఘాలు తీస్తే, "ఇంట్లో ఒకళ్లయినా వినేవాళ్లుండాలి కదమ్మా" అనేది. పెళ్లయ్యాక నాన్న ఈ భాష నేర్చుకోలేదు, అమ్మే ఆయన భాష నేర్చేసుకుంది. అందుకని ఇంట్లో ఆ భాష, గడప దాటితే ఈ భాష. ఈ భాషలో నాన్నకు వచ్చినవల్లా ప్రూఫులు ఇవ్వడానికి ఇళ్లకు వెళ్లినప్పుడు చెప్పే నాలుగు ముక్కలు. "ప్రూఫు తెచ్చానండి. చూసి పంపండి. రేపు వస్తుందండి. వస్తానమ్మగారూ."

రెండు వీధుల అవతల అమ్మమ్మ ఇల్లు. అక్కడ అందరూ ఒకేసారి మాట్లాడేవారు, ఒకేసారి పోట్లాడుకునేవారు, ఆ వెంటనే ఒకే మంచం మీద ఇరుక్కుని కూర్చుని పకపకా నవ్వుకునేవారు. ప్రెస్సు వెనక గదుల్లో మేనత్త ఇల్లు. అక్కడ తినేటప్పుడు మాట్లాడకూడదు, ఏడుపొస్తే తలుపేసుకుని ఏడవాలి, మనసులో ఉన్న ప్రేమంతా కంచంలో ఇంకాస్త వడ్డించి చూపించాలి. చిన్నప్పుడు ఆమె రోజూ ఆ ఇంటికీ ఈ ఇంటికీ తిరిగేది. అమ్మమ్మ ఇంట్లో కాసేపు మౌనంగా కూర్చుంటే "అచ్చం వాళ్ల పోలికే" అనేవారు. మేనత్త ఇంట్లో గలగలా మాట్లాడితే "అచ్చం వాళ్ల పోలికే" అనేవారు. ఎక్కడికెళ్లినా తను అవతలివాళ్ల పిల్లే. దానికి అప్పట్లో ఎంత ఉక్రోషపడేదో! ఇప్పుడు ఆ రెండిళ్లలో ఏ ఒక్కటి తిరిగొచ్చినా చాలు, గుమ్మంలోనే కూర్చుండిపోతుంది.

ఆమెకు ఏ ఇంటికన్నా ప్రెస్సే ఇష్టం. బడి వదలగానే వచ్చి నాన్న పక్కన ఎత్తుపీట ఎక్కేది. కిరోసిన్‌తో కడిగిన టైపు వాసన, అచ్చు మిషను చప్పుడు, అవతలి గదిలో అమ్మ కబుర్లు. నాన్న ఒక అక్షరం ఆమె అరచేతిలో పెట్టి, "ఇదేంటి తల్లీ?" అని తన భాషలో అడిగేవాడు. ఆమె పలికి చూపించేది. ఆయన తల ఊపి దాన్ని గడిలో వేసి, మర్నాడు మళ్లీ అదే అక్షరం ఇచ్చి మళ్లీ అడిగేవాడు. మర్చిపోయాడేమోనని ఆమె విసుక్కునేది. ఆయనకు కావలసింది అక్షరం పేరు కాదు, కూతురు చెప్తుంటే వినడమని చాలాకాలానికి గానీ తెలియలేదు.

పదకొండో ఏట పరీక్ష రోజున ఆమె జామెట్రీ బాక్సు ఇంట్లో మర్చిపోయింది. నాన్న అది పట్టుకుని బడికొచ్చాడు. వరండాలో స్నేహితురాళ్లు నలుగురు ఆమె చుట్టూ ఉన్నారు. అందులో ఒకమ్మాయి "ఎవరే ఆయన?" అంది.

"మా నాన్న వాళ్ల ప్రెస్సులో మనిషి" అందామె.

నాన్న రెండడుగుల దూరంలో ఉన్నాడు. బాక్సు రెండు చేతులతో అందించాడు. కొంచెం తల వంచి, "వస్తానమ్మగారూ" అని వెళ్లిపోయాడు.

సాయంత్రం ఇంట్లో పరీక్ష ఎలా రాశావని అడిగాడు, అంతే. ఆయన ముఖంలో ఏ తేడా లేదు. మేనత్తకు తమ్ముడు కదా, ఉన్నా కనిపించనివ్వడు. ఆయనకు ఆ మాట అర్థమైందా? కూతురి పరువు కాపాడ్డానికి పనివాడిలా నటించాడా? లేక వచ్చిన నాలుగు ముక్కల్లో నోటికొచ్చింది అనేసి వెళ్లాడా? ఆ ప్రశ్న ఆమెను పట్టుకుని వదల్లేదు. అడుగుదామంటే, అర్థం కాకపోయి ఉంటే అడిగి మరీ చెప్పినట్టవుతుంది.

అడగలేనిదాన్ని ఇరవై ఆరో ఏట రాసేసింది. అమ్మ భాషలో, నాన్న చదవలేని భాషలో రాస్తున్నాననే ధైర్యంతో రాసింది. పన్నెండో అధ్యాయంలో సిరా మరకల చొక్కా వేసుకుని బడికొచ్చిన తండ్రిని చూసి ఒక పిల్ల సిగ్గుపడుతుంది. ఎవరో పనివాడని చెప్తుంది. నవల పూర్తయ్యాక ప్రెస్సు యజమానే అచ్చు వేస్తానన్నాడు. అంతవరకూ బాగానే ఉంది. నాన్న వచ్చి కాగితాల కట్ట ఆమె చేతిలోంచి తీసుకున్నాడు.

"ఇంకొకళ్లకి ఇద్దాం నాన్నా, నీకు బోలెడు పని కదా."

"మన పుస్తకం ఇంకొకళ్ల చేతిలో పెడతానా?" అన్నాడు నాన్న.

నాలుగు నెలలు నాన్న ఆ అధ్యాయం వైపు ఒక్కో పేజీ నడిచొస్తుంటే ఆమెకు అన్నం సయించలేదు. పన్నెండో అధ్యాయం పేరుస్తున్న రోజుల్లో ప్రెస్సు ఛాయలకే పోలేదు. తన సిగ్గు కథను తండ్రి తన వేళ్లతోనే అక్షరం అక్షరం ఏరి పేరుస్తున్నాడు, అదేమిటో ఆయనకు తెలియదు. ఇంతకన్నా నీచం ఉంటుందా అనుకుంది. పుస్తకం వచ్చింది, పేరొచ్చింది. నాన్న ఒక కాపీని శుభ్రంగా తుడిచి గోడ అలమరలో పెట్టుకున్నాడు. పదకొండేళ్ల తర్వాత ఆయన పోయాడు. ప్రశ్న మాత్రం ఆమె దగ్గరే ఉండిపోయింది.

ఇప్పుడు ఆ కొత్త అక్షరాల సంగతి చెప్పగలిగిన మనిషి ఒక్కడే మిగిలాడు. ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన కామాగారు. కనిపించిన ప్రతి వాక్యంలోనూ కామా పెడితేగానీ నిద్రపట్టదని అమ్మ పెట్టిన పేరది. తొంభై దగ్గర పడ్డాయి, కూతురింట్లో ఉంటున్నాడు. ఆమె మర్నాడు పొద్దున్నే వెళ్లి పుస్తకం ఆయన ఒళ్లో తెరిచి పెట్టింది. ఆయన భూతద్దం తీసి చాలాసేపు చూశాడు.

"కొత్త టైపు" అన్నాడు. "యజమాని తాళం వేసి ఉంచేవాడు. ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. మీ నాన్న వెళ్లి తాళం చెవి అడిగాడు. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఆయన అడిగింది అదొక్కటే, కాదంటాడా? ఉన్న అక్షరాలు పదహారు పేజీలకే సరిపోయాయి."

"ఈ పదహారు పేజీలకే ఎందుకు బాబాయిగారూ? ఇందులో ఏముందో నాన్నకి తెలీదు కదా."

కామాగారు భూతద్దం దించాడు. "ఎవరు చెప్పారు తెలీదని? పుస్తకం మొత్తం చదివించుకున్నాడమ్మాయ్. రోజూ భోజనాల వేళ నా బల్ల దగ్గరికొచ్చి కూర్చునేవాడు. ఇరవై ఏళ్లు పక్కపక్కన పనిచేశాం, ఆయన భాష నాకూ కాస్త పట్టుబడింది. నేను చదివి, అర్థం చెప్పేవాణ్ణి. వింటూ తినేవాడు. ఈ అధ్యాయం వచ్చినప్పుడు తినడం ఆపేశాడు. మళ్లీ చదవమన్నాడు. రెండోసారి అయ్యాక, ఇందులో ఒక తప్పుందన్నాడు."

"ఏం తప్పు?" అందామె.

"ఆ రోజు నేను సిరా చొక్కాతో వెళ్లలేదండీ, ఇంటికెళ్లి ఉతికిన చొక్కా వేసుకుని మరీ వెళ్లాను, అన్నాడు. పిల్ల బడి కదా అని. మరి దిద్దమంటారా అని కలం తీశాను. ఒద్దన్నాడు. దానికి అలా గుర్తుంది, కాపీలో ఏముంటే అదే, అన్నాడు. లేచి తాళం చెవి కోసం వెళ్లాడు."

ఆమెకు వరండా కళ్ల ముందుకొచ్చింది. ఇన్నేళ్లూ ఆ చొక్కా మీద సిరా మరకలే చూసింది. ఎందుకు చూసిందో ఆ క్షణంలో అర్థమై సిగ్గుతో చచ్చిపోయింది. మరకలుంటే సిగ్గుపడ్డానికి ఒక సాకుంటుంది. శుభ్రంగా తయారై వచ్చిన తండ్రిని కాదన్నానంటే ఏ సాకూ ఉండదు. తన తప్పు మోయలేక ఆయన చొక్కాకు సిరా పూసింది. మేనత్త నేర్పిన మౌనమంతా ఎటుపోయిందో, అమ్మమ్మ ఇంటివాళ్లలాగా భోరుమని ఏడ్చింది.

"నాకు ఎందుకు చెప్పలేదు బాబాయిగారూ?" అంది, కాస్త తేరుకున్నాక.

"చెప్పొద్దన్నాడు. తెలిస్తే పిల్ల ఇంకో పుస్తకం రాయడానికి జంకుతుందన్నాడు. నువ్వొచ్చి అడిగి ఉంటే మాట తప్పేవాణ్ణేమో. నువ్వు అడగలేదుగా."

ఇంటికి రాగానే ఆమె ప్రచురణకర్తకు ఫోన్ చేసింది. పన్నెండో అధ్యాయం ఉండాలంది. పుస్తకమంతా కొత్తగా టైపు చేసుకున్నా, ఆ పదహారు పేజీలు మాత్రం ముట్టుకోకుండా ఉన్నవి ఉన్నట్టు ఫొటో తీసి వెయ్యమంది. పుస్తకం చివర ఒక పేజీ కలపమంది.

"వెనకమాట రాస్తారా మేడమ్?"

"కాదు, తప్పొప్పుల పట్టిక."

"ఈ కాలంలో అదెందుకండీ? తప్పుంటే చెప్పండి, కంప్యూటర్లో చిటికెలో దిద్దేస్తాం."

"దిద్దడానికి వీల్లేదు. కాపీలో ఏముంటే అదే" అంది.

కొత్త పుస్తకం చివరి పేజీలో ఆ పట్టిక ఉంది. నాన్న పేర్చిన పుస్తకాలన్నింటిలో పట్టిక ఉన్నది దానికొక్కదానికే. అందులో ఉన్నది ఒకే ఒక్క వరస. పుట 183, పంక్తి 9. తప్పు: సిరా మరకల చొక్కా. ఒప్పు: ఉతికిన చొక్కా. దాని కింద చిన్న అక్షరాల్లో ఇంకో ముక్క ఉంది. ఈ తప్పు రచయిత్రిది, కంపోజిటరుది కాదు. ఆయన మా నాన్న.